బ్రేకు బూస్టరూ, మా తాత బావి మోటారూ

కందుకూరు నుంచి ఒక పాఠకుడు రాశారు. ఆయన దగ్గర పాత కాంటెస్సా కారు ఉంది, పెట్రోలుది. ఉన్నట్టుండి బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకుపోయిందట. మెకానిక్ చూసి "బూస్టర్ పోయింది సార్, మార్చాల్సిందే" అన్నాడు. బూస్టర్ అంటే కాలి నొక్కుడుకు తోడుబలం ఇచ్చే నల్ల డబ్బా. పక్కింటాయన మాత్రం బ్యాటరీ వీకయి ఉంటుందన్నాడు. "ఆ డబ్బాలో మోటారు లేదు, వైరు లేదు, నూనె కూడా లేదు. మరి నా కాలికి తోడొచ్చే బలం ఎక్కణ్నించి వస్తోంది?" అని ఆయన ప్రశ్న.

చాలా మంచి ప్రశ్న. బ్రేకు నూనె, పాస్కల్ సూత్రం బడి పుస్తకాల్లో ఉన్నాయి, వాటిని అక్కడే ఉండనిద్దాం. నాకు ఇష్టమైనది ఆ నల్ల డబ్బా. దాన్ని చూస్తే నాకు పామూరు దగ్గర మా తాత బావి గుర్తొస్తుంది.

ఎండాకాలం నీళ్లు లోతుకు పోయేవి. గట్టు మీది మోటారు తిరుగుతూనే ఉండేది, చుక్క నీరు పడేది కాదు. అప్పుడు తాత నలుగురిని పిలిచి, మోకులు కట్టి, మోటారును బావిలోకే దించి బండల మీద బిగించేవాడు. "ఇంతకన్నా పెద్ద మోటారు కొనొచ్చు గదా తాతా?" అంటే, "ఏనుగంత మోటారు తెచ్చినా అంతేరా అబ్బయ్యా, పై నుంచి గుంజదు" అనేవాడు. ఆయన బడికి పోలేదు. 1643లో ఇటలీలో టోరిచెల్లి అనే శాస్త్రవేత్త పాదరసపు గొట్టంతో తేల్చినదాన్ని ఆయన మోకులతో తేల్చుకున్నాడు.

అసలు సంగతి ఏమిటంటే, ఏ మోటారూ నీళ్లను గుంజదు. పైపులోని గాలిని తీసేస్తుంది, అంతే. బావిలో నీటి ముఖం మీద మన నెత్తిన ఉన్న గాలి అంతా కూర్చుని ఉంది. ఒక్కో చదరపు సెంటీమీటరు మీద దాదాపు ఒక కిలో బరువు. పైపు లోపల ఎదురు లేకపోతే ఆ బరువే నీటిని పైకి తోస్తుంది. దాని శక్తి 10.3 మీటర్ల నీటి ఎత్తుతో సరి. వాడుకలో అయితే ఏడు మీటర్లు దాటితే కష్టం. కొబ్బరి బోండం తాగేటప్పుడు కూడా మనం పీల్చం. నోట్లో చోటు చేసి ఇస్తాం, గాలే నీళ్లను నెట్టి పెడుతుంది. నేను ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. "శూన్యం లాగుతుంది" అని రాసిన జవాబు పేపర్లు ఎన్ని దిద్దానో లెక్కలేదు. లాగేది ఎవరూ లేరు, అంతా తోపులాటే.

జర్మనీలో మాగ్డెబర్గ్ ఊరి పెద్ద ఓటో ఫాన్ గెరికె 1650ల్లో రెండు రాగి అర్ధగోళాలను కలిపి, లోపలి గాలి తోడేసి, ఒక్కో వైపు ఎనిమిది గుర్రాలను కట్టి లాగించాడు. అర మీటరు గోళాన్ని విడదీయడానికి అవి ఆపసోపాలు పడ్డాయి. మన ఒంగోలు గిత్తలైతే ఏం చేసేవో చూడాలని నాకు ఎప్పటి నుంచో ముచ్చట. బండలాగుడు పందెంలో ఒక జత సరిపోదా అంటే, అంత గోళం మీద గాలి బిగింపు రెండు టన్నుల దాకా ఉంటుంది మరి. ఇంకో మాట: ఒక వైపు గుర్రాలను విప్పేసి గోళాన్ని చెట్టుకు కట్టినా లాగుడు అంతే. పదహారు గుర్రాలు జనం కోసమే.

ఇప్పుడు డబ్బాలోకి పోదాం. మధ్యలో రబ్బరు డయాఫ్రం, దానికి ముందు ఒక గది, వెనక ఒక గది. ముందు గది నుంచి ఒక పైపు ఇంజినులోకి గాలి పోయే గొట్టానికి, అంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు పోతుంది. అదే మన సక్షన్ పైపు. బావి మోటారు పని ఇంజినే చేస్తుంది. యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే గాలి దారికి తలుపైన థ్రాటిల్ రేకు దాదాపు మూసుకుపోతుంది. సిలిండర్లలో పిస్టన్లు మాత్రం ఊపిరి కోసం కిందికి దిగుతూనే ఉంటాయి, గాలి చాలదు, మానిఫోల్డ్‌లో కరువు పుడుతుంది. బాగున్న పెట్రోలు ఇంజిను ఐడిల్‌లో ఉన్నప్పుడు గేజీ పెడితే 18 నుంచి 20 అంగుళాల పాదరసం చూపిస్తుంది. మా తాత లెక్కలో చెప్పాలంటే ఆరున్నర మీటర్ల లోతు బావి. బ్రేకు కావాల్సిన క్షణంలోనే, అంటే కాలు యాక్సిలరేటర్ మీద లేనప్పుడే, ఈ కరువు బాగా ఎక్కువ. ఇంత చక్కగా కుదిరిన ఏర్పాటు యంత్రాల్లో నేను కొన్నే చూశాను.

బావి పైపు అడుగున ఫుట్ వాల్వు ఉంటుంది గదా, మోటారు ఆపినా నీళ్లు జారిపోకుండా. బూస్టర్‌కూ అలాంటిదే నాన్ రిటర్న్ వాల్వు ఉంది. ఇంజిను ఆగినా డబ్బాలో శూన్యం నిలుస్తుంది, రెండు మూడు సార్లు తొక్కడానికి సరిపడా. అంతే, నాలుగోసారికి ఉండదు. దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు పెట్రోలు మిగుల్చుకుందామని ఇంజిను ఆపేసి న్యూట్రల్‌లో వదిలేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. బావిలో పైపు జాయింటు దగ్గర గాలి పడితే మోటారు ఉత్తినే తిరుగుతుంది. తాత పేడ నీళ్లు పోసి, బంకమట్టి మెత్తి దాన్ని ఆపేవాడు. బూస్టర్ పైపు పగిలినా అదే తంతు, మట్టి బదులు కొత్త పైపు.

కాలు పెట్టకముందు రెండు గదుల్లోనూ శూన్యమే, డయాఫ్రం ఎటూ కదలదు. పెడల్ నొక్కగానే నడిమి వాల్వు ముందు రెండు గదుల మధ్య దారి మూసేస్తుంది. ఆ తర్వాతే బయటి దారి తెరుస్తుంది. స్పాంజి ఫిల్టరు గుండా బయటి గాలి వెనక గదిలోకి దూరుతుంది. ఇంక లెక్క చూడండి. 9 అంగుళాల డబ్బా అనుకుంటే డయాఫ్రం వైశాల్యం సుమారు 410 చదరపు సెంటీమీటర్లు. రెండు వైపులా తేడా చదరపు సెంటీమీటరుకు 0.65 కిలో. స్ప్రింగు వగైరా పోను దగ్గర దగ్గర 250 కిలోల తోపు. మీ కాలు 20 కిలోలు పెట్టినా, పెడల్ లివరు దాన్ని నాలుగింతలు చేసినా, అది 80. అందుకే బూస్టర్ పోతే బ్రేకు పూర్తిగా పోదు, భారమంతా మీ ఒక్కరి మీద పడుతుంది.

మరి గాలి మొత్తం ఒక్కసారే వచ్చి పడి చక్రాలు ఎందుకు బిగుసుకోవు? బ్రేకు నూనెను తోసే మాస్టర్ సిలిండర్ డబ్బాకు ముందు ఉంటుంది. దాన్ని నెట్టే ముందు కడ్డీ మొదట్లో రూపాయి బిళ్లంత రబ్బరు ముక్క ఉంటుంది, రియాక్షన్ డిస్క్ అంటారు. ఇరుకు గూట్లో రబ్బరు నలగదు, నీటిలా ప్రవర్తిస్తుంది. ఎదురు ఒత్తిడి పెరిగేకొద్దీ అది నడుమకు ఉబ్బి మీ కాలి కడ్డీని వెనక్కి నెడుతుంది, గాలి దారి మూసుకుంటుంది. ఇంకాస్త తొక్కితే ఇంకాస్త తెరుచుకుంటుంది. మీ కాలికి తెలిసే ఆ "ఎదురు" ఈ ముక్క పుణ్యమే.

పక్కింటాయన బ్యాటరీ మాట వట్టి అపోహే, కానీ దాని పుట్టుక నాకు తెలుసు. డీజిల్ ఇంజిన్లలో పెట్రోలు వాటిలా గాలిని ఆపే థ్రాటిల్ మామూలుగా ఉండదు, కాబట్టి మానిఫోల్డ్‌లో కరువూ ఉండదు. శూన్యం కోసం వేరే పంపు పెడతారు, చాలా బండ్లలో అది బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ తోకకే ఉంటుంది. బెల్టు తెగితే ఛార్జింగ్ లైటు వెలుగుతుంది, కాసేపటికి బ్రేకూ గట్టిపడుతుంది. రెండూ కలిపి బ్యాటరీ ఖాతాలో రాశారు. ఇంకో ఖాతా కూడా ఉంది. నాకు తెలిసిన ఒకాయన బూస్టర్ ఇనుప వస్తువని శనివారం కొనలేదు. సోమవారం దాకా ఆ రాతి పెడల్‌తోనే నెల్లూరు నుంచి కావలికి రెండు సార్లు తిరిగాడు, హైవే మీద. బంపరుకు గూడూరు నిమ్మకాయలు మాత్రం కట్టుకున్నాడు.

మార్చే పనిలో బోల్టులు విప్పడం చెప్పను. పెడల్ దగ్గర ఫోర్కు పిన్ను, డాష్ కింద నాలుగు నట్లు, నడుము విరిగే పని, అంతే. రెండు విషయాలు మాత్రం మీ మెకానిక్‌ను అడగండి. మొదటిది, పాత బూస్టర్ లోపల తడి ఉందా? ఉంటే మాస్టర్ సిలిండర్ వెనక సీలు నుంచి నూనె కారుతోంది. దాన్ని వదిలేసి బూస్టర్ ఒక్కటే మారిస్తే మళ్లీ ఇదే ఖర్చు. రెండోది, ముందు కడ్డీ పొడవు. అది వెంట్రుకవాసి పొడవైతే మాస్టర్ సిలిండర్ పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, నూనె ట్యాంకులోకి తిరిగిపోయే చిన్న రంధ్రం మూసుకునే ఉంటుంది. నాలుగు కిలోమీటర్లు పోయేసరికి వేడికి నూనె వ్యాకోచించి బ్రేకులు వాటంతట అవే పట్టేస్తాయి. పొట్టిదైతే పెడల్ ఉత్తినే లోపలికి పోతుంది. కొత్తది పెట్టెలోంచి తీసి అలాగే బిగించేవాళ్లు ఎక్కువ. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి కొలవమనండి.

బిగించాక ఇంజిను ఆపి నాలుగైదు సార్లు తొక్కండి, పెడల్ గట్టిపడుతుంది. ఆ గట్టి పెడల్ మీద కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయండి. కాలి కింద అది కొద్దిగా దిగాలి. దిగకపోతే కొత్త డబ్బాను తిట్టకముందు పైపు జాయింటు దగ్గర చెవి పెట్టి వినండి. బుస్సుమంటోందంటే మా తాత అయితే పేడ కోసం వెతికేవాడు. మీరు క్లిప్పు బిగించండి.