చర్మం కందకముందే మొదలయ్యే కోత

ఎండలో తిరిగొచ్చాక చర్మం కందకపోతే ఏమీ కాలేదనుకుంటాం. అది పొరపాటు. కందించడానికి చాలనంత తక్కువ అతినీలలోహిత కాంతి సోకినా చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ను కోసే ఎంజైమ్‌లు పెరుగుతాయి. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో గ్యారీ ఫిషర్, జాన్ వూర్‌హీస్ బృందం 1996లో మనుషుల చర్మం మీదే పరీక్షించి ఈ సంగతి తేల్చింది.

ఈ కోత చాలావరకు మన కణాలు చేసేదే. కాంతి తగిలిన కణంలో చురుకైన ఆక్సిజన్ అణువులు పుడతాయి. వాటి ప్రేరణతో ఏపీ-1 అనే ప్రోటీన్ పనిలోకి దిగి ఎంఎంపీ-1, ఎంఎంపీ-3, ఎంఎంపీ-9 అనే ఆ కోత ఎంజైమ్‌ల తయారీని పెంచుతుంది, కొత్త కొల్లాజెన్ తయారీని తగ్గిస్తుంది. అంటే దెబ్బ రెండు వైపులా.

కొల్లాజెన్ మూడు పోగులు పేనిన తాడు లాంటిది, మామూలు ఎంజైమ్‌లకు కొరుకుడు పడదు. ఎంఎంపీ-1 మాత్రం తనలోని జింకు అయాన్ సాయంతో దాన్ని ఒక్కచోట తెంపుతుంది: ఒకటి ముప్పావు ముక్క, ఇంకొకటి పావు ముక్క. తెగిన ముక్కల పురి ఒంటి వేడికే విడిపోతుంది. వాటిని ఎంఎంపీ-9 మరింత చిన్నగా నరుకుతుంది. అడ్డుకునే టింప్ ప్రోటీన్లూ పెరుగుతాయి గానీ కోతను పూర్తిగా ఆపలేవు. చర్మం మళ్లీ అల్లుకుంటుంది, కానీ మునుపటంత పొందికగా కాదు. ఏళ్ల తరబడి పోగైన ఆ లోపాలే ముడతలు.

అతినీలలోహిత కాంతిలో 315–400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న యూవీఏ భాగం చర్మం లోపలి పొర దాకా దిగుతుంది. చురుకైన ఆక్సిజన్ అణువుల కోవలోని హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విరగ్గొట్టే కెటలేజ్ ఎంజైమ్‌నూ అది దెబ్బతీస్తుంది. మామూలు గాజు, చర్మాన్ని ముఖ్యంగా కందించే యూవీబీ భాగాన్ని చాలావరకు ఆపినా యూవీఏను అంతగా ఆపదు. కారు ముందు అద్దం రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొరతో ఉంటుంది కాబట్టి నయం. పక్క అద్దాలు చాలా కార్లలో అలా ఉండవు. మన దేశంలో డ్రైవరు కుడి చెంపకు, కుడి చేతికి ఎండ ఎక్కువ తగిలేది అందుకే.

సన్‌స్క్రీన్ మీద ఎస్‌పీఎఫ్ అంకె ముఖ్యంగా కందడాన్ని ఎంత ఆపుతుందో చెబుతుంది. యూవీఏ కోసం పీఏ గుర్తు చూడాలి, కనీసం మూడు ప్లస్‌లు ఉండాలి. ఎస్‌పీఎఫ్ అంకె చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు రాసి కొలిచింది. చాలామంది అందులో సగం కూడా రాయరు, రక్షణ కూడా ఆ మేరకు పడిపోతుంది. ముఖానికి, మెడకు కలిపి చూపుడువేలు, నడిమివేలు పొడవునా పిండినంత కావాలి. బయట ఉంటే రెండు గంటలకోసారి, చెమట పట్టి తుడుచుకుంటే వెంటనే మళ్లీ రాయాలి. బండి మీద వెళ్లేటప్పుడు కట్టుకునే గుడ్డ ఒత్తు నేతదై ఉండాలి. పలుచని తెల్ల నూలు గుడ్డ తడిస్తే కిరణాలను ఇంకా ఎక్కువగా లోపలికి వదులుతుంది.