గొడ్ల షెల్టర్ మీద అపోహలు, వాస్తవాలు: లోపల పనిచేసేవాళ్ళు చెప్తే

మాది గుంటూరు నుంచి అమరావతి పోయే రోడ్డు, లాం ఫారం దాటాక లోపలికి. ఆవులు, ఎడ్లు, గేదెలు, దున్నలు, కొన్ని జీవాలు (గొర్రెలు, మేకలు), గాడిదలు, సంక్రాంతి అయ్యాక వచ్చిపడే పుంజులు, ఇవీ మా దగ్గరుండేవి. ఫోన్లు చేసేవాళ్ళు, ఆదివారం పిల్లల్ని తీసుకుని వచ్చేవాళ్ళు అందరూ మంచోళ్ళే, కాకపోతే అందరూ అవే అడుగుతారు, చెప్పిందే చెప్పి నోరు నొప్పెడుతోంది, అందుకని ఒకచోట రాసి పెడుతున్నా. ఇకనుంచి అడిగినోళ్ళకి ఇదే ఫార్వర్డ్ చేస్తా.

అపోహ: రెస్క్యూ అంటే రాత్రిపూట కబేళాకి పోయే లారీ ఆపి గొడ్లని దించడమే

వీడియోల్లో కనపడేది అదే కాబట్టి అనుకోవడంలో తప్పులేదు. కానీ దించడం ఒక్క రాత్రి పని. దించిన పెయ్యని సరిగ్గా మేపితే పదిహేను ఇరవై ఏళ్ళు బతుకుద్ది, గాడిదైతే ముప్పై దాకా కూడా వెళ్తది, మరి ఆ రాత్రి తర్వాత ఉన్న ఏళ్ళన్నీ ఎవరు చూస్తారు? షెల్టర్ నడపడం అంటే ఆ ఏళ్ళు. వరిగడ్డి లోడు కోసం ఊళ్ళు తిరగడం, పేడ ఎత్తడం, కుడితి తొట్లు కడగడం, ఎండాకాలం బోరు మోటారు కాలిపోతే మెకానిక్ చుట్టూ తిరగడం, పురుగులు పట్టిన పుండు రోజూ కడిగి మందు పెట్టడం, లెక్కలు రాయడం, కోర్టుకి వెళ్ళడం.

కోర్టు ఎందుకంటారా, పట్టుకున్న గొడ్లు మావైపోవు కాబట్టి. కేసు తేలేదాకా అవి కేసు ప్రాపర్టీ. 2017లో వచ్చిన రూల్స్ ప్రకారం పశువుల డాక్టర్ చూసి, గుర్తు వేసి, మేజిస్ట్రేట్ ఆర్డర్ మీద గోశాలకో షెల్టర్‌కో అప్పగిస్తారు, మేపిన ఖర్చు ఓనర్ దగ్గర, బండి ఓనర్ దగ్గర రాబట్టొచ్చని కూడా రూల్లో ఉంది. రూల్లో ఉండటం వేరు, చేతికి రావడం వేరు, గొడ్డు మాత్రం ఆ ఆర్డర్ వచ్చేదాకా ఆకలి ఆపుకోదు కదా. అందుకే "మీ దగ్గర కేసులో ఉన్న ఆవుని మాకిచ్చెయ్యండి, మా పొలంలో పెంచుకుంటాం" అనేవాళ్ళకి కుదరదని చెప్తే మొహం మాడ్చుకుంటారు. ఇవ్వడం మా చేతుల్లో లేదండీ.

ఇంకోటి, రోడ్డు మీద కనపడ్డ ప్రతి లారీ అక్రమం కాదు. మన రాష్ట్రంలో 1977 చట్టం ఆవుని కోయడం నేరం అంటుంది, కానీ పనికిరాని ఎద్దుకి, గేదెకి సర్టిఫికెట్ తీసుకుంటే అనుమతి ఉంది. చూడాల్సింది ఎలా ఎక్కించారన్నది. 1978 రవాణా రూల్స్ ప్రకారం సరుకు లారీలో ఆరు పశువులకి మించి ఎక్కించకూడదు, కొందరు ఇరవై ముప్పై కుక్కుతారు. అలాంటిది కనపడితే బండి నంబర్ రాసుకుని పోలీసుల 112కి చెప్పండి, మీరే అడ్డంపడి ఆపొద్దు, ఆ హక్కు మీకూ లేదు మాకూ లేదు, కొట్లాటలైతే చివరికి నలిగేది గొడ్లే. ఇక శిక్ష సంగతి అంటారా, 1960 హింసా నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద మొదటి తప్పుకి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. సున్నాలేం తగ్గలేదు, యాభయ్యే. ఒక ఆవుకి ఒక రోజు మేత కూడా రాదు దాంతో.

అపోహ: పాపం ఆకలితో ఉంటాయి, ఏది పెట్టినా పుణ్యమే

దీని గురించి మాత్రం కాస్త ఎక్కువే రాస్తా, ఎందుకంటే మా దగ్గర ప్రేమ వల్ల పోయే గొడ్లు కూడా ఉంటాయి.

పుట్టినరోజులకి, కార్తీక మాసంలో, ముఖ్యంగా కనుమ నాడు, గంపలకి గంపలు పొంగలి, పెళ్ళిలో మిగిలిన అన్నం, పూరీలు, స్వీట్లు తెస్తారు. ఆవు పొట్ట మన పొట్టలాంటిది కాదు, మొదటి అర పెద్ద డ్రమ్ములాంటిది, అందులో కోట్ల సూక్ష్మజీవులు గడ్డిని నెమ్మదిగా పులియబెడతాయి, ఆవు బతికేదే దాని మీద. అలవాటు లేని గొడ్డుకి ఒక్కసారిగా అన్నం, బెల్లం, పిండి పడితే అవి గబగబా పులిసి లాక్టిక్ యాసిడ్ తయారవుద్ది, ఆ యాసిడ్‌కి గడ్డిని అరిగించే జీవులు చచ్చిపోతాయి, ఒంట్లో నీళ్ళన్నీ పొట్టలోకి లాగేస్తది. నెమరు ఆగిపోద్ది, పళ్ళు కొరుకుద్ది, పల్చగా పుల్లటి వాసనతో పారుకుంటది, తూలుద్ది, పడిపోద్ది. టైముకి డాక్టర్ దొరికి సెలైన్, సోడా (బైకార్బొనేట్ మందు) ఎక్కిస్తే బతుకుద్ది, లేకపోతే ఒకటి రెండు రోజుల్లో పోతది. బతికినా కొన్నిటికి గిట్టలు పాడై జీవితాంతం కుంటుతాయి. పెట్టినాయన మాత్రం ఫోటో తీసుకుని ఇంటికెళ్ళి పడుకుంటాడు, ఆయనకి ఈ సంగతి తెలీదు కూడా.

కవరుతో సహా పడేసేవాళ్ళ గురించి చెప్పక్కర్లేదు. ఆవు నాలుకతో చుట్టి లాక్కుంటది, మేకలాగా ఏరుకుని తినదు. ఆ ప్లాస్టిక్ అరగదు, పేడలో రాదు, ఏళ్ళ తరబడి లోపలే ముద్దకట్టి కూర్చుంటది, అందులో మేకులు, తీగలు ఉంటే గుండె దాకా గుచ్చుకుంటాయి. చూడ్డానికి పొట్ట నిండుగా ఉంటది, వీపు మాత్రం ఎముకలు తేలి ఉంటది. ఆపరేషన్ చేస్తే కేజీలకి కేజీలు బయటికొస్తాయి. విజయవాడలో రైతుబజార్ల చుట్టూ తిరిగే ఆవుల్ని ఓసారి పక్కనుంచి చూడండి, నేను చెప్పేది అర్థమవుద్ది.

సరే అన్నం వద్దన్నారు పచ్చిమేత తెస్తాం అంటారా, మంచిదే, కానీ ఏ మేత అని అడగండి. జొన్న లేతగా ఉన్నప్పుడు, నీళ్ళు లేక వాడిపోయినప్పుడు, కోసేశాక మోళ్ళ మీద వచ్చిన పిలకల్లో నాము ఉంటది, అంటే సైనైడ్ విషం. రైతులకి తెలుసు, కొత్తగా పొలం కొన్న టౌనోళ్ళకి తెలీదు. తిన్న కాసేపటికే గొడ్డు రొప్పుతూ పడిపోద్ది, హైపో (సోడియం థయోసల్ఫేట్) ఇంజెక్షన్ రెడీగా లేకపోతే అంతే. పూత దశ దాటిన జొన్నయితే భయం చాలా తక్కువ. అలాగే పత్తి, మిర్చి చేల గట్ల మీద కోసిన గడ్డి కూడా మేం తీసుకోం, మన గుంటూరు చేలల్లో ఏ మందు ఎప్పుడు కొట్టారో కోసినోడికి కూడా గుర్తుండదు.

తేవాలనుంటే ఎండు వరిగడ్డి తెండి. దాంట్లో బలం తక్కువే, ఒప్పుకుంటా, అందుకే మేం వంద కేజీల గడ్డికి నాలుగు కేజీల యూరియా నీళ్ళలో పూర్తిగా కరిగించి చల్లి, గాలి తగలకుండా కప్పి మూడు వారాలు మాగబెట్టి అప్పుడు పెడతాం. ఇది తెలిసినోళ్ళు దగ్గరుండి చేయాలి, పచ్చి యూరియా నోట్లో పడితే అదే విషం.

అపోహ: గోశాల అంటే ఆవులే కదా, గాడిదలెందుకు, దున్నలెందుకు

ఆవుకైతే దండ వేస్తారు, దున్న దూడ దగ్గరికి ఎవరూ రారు. ముర్రా గేదె ఈనితే పెయ్య పుట్టిందా దున్న పుట్టిందా అన్నదాన్ని బట్టి దాని బతుకు తేలిపోద్ది. దున్నకి పాలు దండగ అని కొందరు తల్లి దగ్గర వదలరు, అది నాలుగు రోజులకి పోతది, లేదా మా గేటు దగ్గర కట్టేసి వెళ్తారు. దూడ పుట్టేటప్పుడు దాని ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి దాదాపు ఏమీ ఉండదు, అది మొత్తం తల్లి జున్నుపాల నుంచే రావాలి, అది కూడా మొదటి రోజులోపే, ఆ తర్వాత పేగు ఆ శక్తిని పీల్చుకోదు. జున్నుపాలు అందకుండా వచ్చిన దూడని బాటిల్ పట్టి, అర్ధరాత్రి లేచి చూసుకున్నా చాలాసార్లు పారుడు పట్టుకుని పోతది. జున్ను తినొద్దని అనట్లేదు, నాకూ ఇష్టమే, దూడ కడుపు నిండాక మిగిలింది తినండి అంటున్నా.

గాడిదల గొడవ ఇంకోటి. నడుం నొప్పికి, ఆయాసానికి, మగతనానికి గాడిద మాంసం మందని మన గుంటూరు, కృష్ణా, ప్రకాశం వైపు ఒక నమ్మకం పాతుకుపోయింది. ఏ రోగానికీ అది మందు కాదు. పైగా ఫుడ్ సేఫ్టీ రూల్స్‌లో తినదగ్గ జంతువుల లిస్టులో గాడిద లేదు, అమ్మడమే చట్టవిరుద్ధం. 2012 పశుగణనకి, 2019 పశుగణనకి మధ్య రాష్ట్రంలో గాడిదలు సగానికి పైగా తగ్గిపోయాయి, ఇక్కడ సరిపోక వేరే రాష్ట్రాల నుంచి తోలుకొస్తున్నారు. గాడిద నొప్పి పైకి చూపించదు, తలొంచుకుని నిలబడుద్ది, మొద్దుది అనుకుంటారు, తీరా చూస్తే గిట్ట కుళ్ళిపోయుంటది. జంటగా వచ్చినవాటిని విడదీస్తే మేత మానేస్తాయి, అందుకే ఒక్కదాన్నే ఇమ్మంటే ఇవ్వం.

పుంజుల సంగతి చిన్నగా: కోడిపందేల బరిలో పట్టుకున్న డేగా, కాకీ, నెమలీ రకం పుంజులన్నిటినీ ఒకచోట వదిలితే గంటలో మళ్ళీ బరే. ఒక్కోదానికి ఒక్కో గూడు. బాయిలర్ కోడి లారీలోంచి పడి హైవే మీద దొరికిందని తెస్తుంటారు, దాన్ని ఆరు వారాల్లో రెండు కేజీలయ్యేలా తయారుచేశారు, కడుపునిండా పెడితే కాళ్ళు ఒళ్ళుని మొయ్యలేవు, అందుకే కొలిచి పెడతాం. పస్తులు పెడుతున్నామని ఒకాయన మాతో గొడవేసుకున్నాడు.

అపోహ: ఆవు నోట్లోంచి చొంగ కారుతోందంటే గొంతులో ఏదో ఇరుక్కున్నట్టే, చెయ్యి పెట్టి తీసెయ్యాలి

దయచేసి ఈ ఒక్కటి అందరికీ చెప్పండి. ఇరుక్కుని ఉండొచ్చు, మామిడి టెంక, బంగాళాదుంప ఇరుక్కోవడం మామూలే. కానీ పిచ్చికుక్క కరిచిన ఆవుకీ, గేదెకీ కూడా రేబిస్ వస్తది, అప్పుడు గొంతు పక్షవాతం వచ్చి మింగలేదు, చొంగ కారుద్ది, గొంతు మారి అదేపనిగా అరుస్తది, కుక్కలాగా కరవాలనేం లేదు. పాపం అని చెయ్యి పెట్టినోళ్ళ గోరు పక్క చిన్న గాయం ఉంటే చాలు. లక్షణాలు మొదలయ్యాక గొడ్డుకైనా మనిషికైనా ఇక వైద్యం లేదు. పొరపాటున తగిలితే సబ్బునీళ్ళతో పదిహేను నిమిషాలు కడుక్కుని అదే రోజు గవర్నమెంట్ హాస్పిటల్‌కి వెళ్ళి టీకా మొదలుపెట్టండి, పసుపు, కారం, ఆకుపసరు రాయొద్దు. మా దగ్గర పనిచేసేవాళ్ళందరికీ ముందస్తు టీకాలు వేయిస్తాం, జీతం మాట్లాడుకునే రోజే ఈ మాట కూడా అయిపోద్ది.

అపోహ: గవర్నమెంట్ డబ్బులిస్తది, పాలు అమ్ముకుంటారు, మీకేంటి

పాలు రావాలంటే ఆవు ఈనాలి. మా దగ్గరికి వచ్చేవి వట్టిపోయినవీ, ముసలివీ, కాళ్ళు విరిగినవీ. మేం ఈనిపించం, కోడెలకి విత్తులు నొక్కించేస్తాం, ఉన్నవాటికే మేత లేదు ఇంకా పుట్టిస్తే ఎవరు మేపాలి. ఎప్పుడన్నా పాడి ఆవు వస్తే పొదుగువాపు రాకుండా పిండక తప్పదు, ఆ పాలు తల్లి లేని దూడలకే చాలవు. గ్రాంట్లు ఉన్నమాట నిజం, జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు ఉంటే అప్లై చేసుకోవచ్చు, కాకపోతే వాటిని నమ్ముకుని గడ్డివాము వెయ్యలేం. నడిచేది జనం ఇచ్చేదాని మీదే. 80జీ (విరాళం మీద ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు) అడిగేవాళ్ళకి ఒక మాట, రెండు వేలు దాటి క్యాష్ ఇస్తే మినహాయింపు రాదు, కొత్త ట్యాక్స్ విధానంలో ఉన్నా రాదు. తర్వాత మమ్మల్ని తిట్టొద్దు.

అపోహ: జంతుప్రేమికులు ఏ ప్రాణినీ చంపించరు

వెన్ను విరిగి, పుళ్ళు పడి, మేత ముట్టని గొడ్డుని ఇంకా నెల రోజులు అలాగే ఉంచడం ప్రేమ అని నేను అనుకోను. లేవలేని గొడ్డుని మెత్తటి ఇసకలో పడుకోబెట్టి, మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చి, బెల్టుతో లేపి నిలబెట్టి అన్నీ చూస్తాం. ఈనిన వెంటనే పడిపోయిందైతే చాలావరకు కాల్షియం లోటే, సీసా ఎక్కించగానే లేచి నిలబడుద్ది, చూసినోళ్ళకి మాయలాగా ఉంటది. ఇక లాభం లేదు, బతికించి ఉంచడమే క్రూరత్వం అని డాక్టర్ తేలిస్తే నొప్పి లేకుండా పంపించడానికి చట్టంలోనే 13వ సెక్షన్ ఉంది. ఆ రోజు మా పాలేర్లు అన్నం తినరు. వాళ్ళు ఎవరూ నెట్‌లో కనపడరు, ఈ పనిలో సగం పైగా చేసేది వాళ్ళే, ఏ గొడ్డు ఇవాళ నెమరు వేయలేదో డాక్టర్ కంటే ముందు చెప్పేదీ వాళ్ళే.

అపోహ: ఒక్కటే కదండీ, ఓ మూల ఉంటది, కాదంటే మీకు మనసు లేనట్టే

రోజూ వినే మాట ఇదే. పది గొడ్లకి కట్టిన పాకలో ఇరవై కడితే గాలికుంటు (నోట్లో, గిట్టల్లో పుళ్ళు పడే అంటురోగం) ఒకదానికొస్తే అన్నిటికీ వస్తది, బలహీనమైనవి మేత దగ్గరికి చేరలేవు, ఉన్న డబ్బు రెండింతలు పల్చబడుద్ది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు మునిగినప్పుడు ఫోన్లు ఆగలేదు, ఎక్కువమంది నీళ్ళ గురించే భయపడ్డారు, నిజానికి నీళ్ళు తీశాక తడిసి బూజుపట్టిన గడ్డి, నానిన గిట్టలు, అవి ఇంకా ఎక్కువ రోజులు ఏడిపిస్తాయి. అప్పుడు కూడా చోటు ఉన్నంతవరకే తీసుకునే షెల్టరే తర్వాత నిలబడుద్ది. కాదనడం ఈ పనిలో భాగం, నాకు తెలిసి కష్టమైన భాగం అదే.

కాబట్టి గొడ్డు కనపడగానే మాకు ఫోన్ చేసే ముందు 1962కి చేయండి, పశువుల అంబులెన్స్ అక్కడికే వస్తది, చాలా కేసులకి అక్కడే వైద్యం సరిపోద్ది, షెల్టర్ అక్కర్లేదు. చెవికి పసుపు ట్యాగ్ ఉంటే దాని మీద పన్నెండంకెల నంబర్ ఫోటో తీయండి, ఓనర్ ఎవరో పశువుల ఆస్పత్రిలో తెలుస్తది. నడిపించి ఒక చిన్న వీడియో, మూతి, కళ్ళు, పేడ ఫోటోలు, లొకేషన్, ఇవి పంపండి. "అర్జెంట్, ఆవు చచ్చిపోతోంది" అని మెసేజ్ పెట్టి ఫోన్ ఎత్తకపోతే మేమేం చెయ్యలేం. గడ్డి లోడు తెచ్చేవాళ్ళు పొద్దున పదిలోపు రండి, మధ్యాహ్నం దింపేవాళ్ళు ఉండరు.