తుపాను అనగానే టికెట్ రద్దు చేసుకోవాలా? అపోహలు - వాస్తవాలు

అక్టోబరు వచ్చాక టీవీలో 'బంగాళాఖాతంలో అల్పపీడనం' అన్నారంటే చాలు, నెల్లూరులో మా ట్రావెల్స్ ఫోను మోగుతూనే ఉంటుంది. అరుణాచలం వెళ్లేవాళ్లు, మాల వేసుకుని శబరిమలకు బయలుదేరేవాళ్లు, చెన్నైలో అండమాన్ ఫ్లైట్ ఎక్కాల్సిన కొత్త జంటలు, అందరూ అడిగేది ఒకటే: "అన్నా, తుపానంట కదా, క్యాన్సిల్ చేసేద్దామా?"

అపోహ: ముందుగా మనమే రద్దు చేసుకుంటే డబ్బు దక్కుతుంది.

జనం జేబుకు ఎక్కువ చిల్లు పెడుతున్నది ఇదే. రైలును రైల్వే వాళ్లే రద్దు చేస్తే చార్జీ మొత్తం వెనక్కి వస్తుంది. ఆన్‌లైన్ టికెట్ అయితే మనం వేలు కదపకుండానే ఖాతాలో పడుతుంది. మనమే రద్దు చేసుకుంటే కోత తప్పదు, బయలుదేరే టైం దగ్గరపడేకొద్దీ అది పెరుగుతుంది. తత్కాల్‌లో కన్ఫర్మ్ అయిన టికెట్‌కైతే పైసా రాదు.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను అప్పుడు దక్షిణ మధ్య రైల్వే వందకు పైగా రైళ్లు రద్దు చేసింది. బుచ్చిరెడ్డిపాళెం టీచరు గారొకరు వాట్సాప్‌లో ఎవరో పంపిన ఆడియో విని, రాత్రికి రాత్రే ఇంటిల్లిపాది టికెట్లూ ఫోన్లో రద్దు చేసేశారు. నాకు ఒక్క మాట చెప్పలేదు. మర్నాడు అదే రైలు రద్దయింది. అదే రైలుకు బుక్ చేసుకున్న ఆయన బావమరిది మాత్రం కదలకుండా కూర్చున్నాడు, డబ్బంతా వచ్చింది. ఆ పంచాయితీ వాళ్లింట్లో ఇంకా తెగలేదంట.

రైలు రద్దు కాకుండా మూడు గంటలు మించి ఆలస్యమైనా, దారి మళ్లించినా, ప్రయాణం మానుకుంటే పూర్తి చార్జీ అడగొచ్చు. అయితే టీడీఆర్ (డబ్బు వెనక్కి ఇమ్మని రైల్వేకు పెట్టుకునే అర్జీ) వేయాలి. ఆలస్యమైన రైలుకైతే అది మన స్టేషన్ నుంచి కదలకముందే వేయాలి. ఇంటికెళ్లి తీరిగ్గా వేద్దామనుకుంటే కుదరదు.

ఫ్లైటుకూ దాదాపు ఇంతే. ఎయిర్‌లైన్ రద్దు చేస్తే డబ్బు తీసుకోవాలా, ఇంకో ఫ్లైట్ అడగాలా అన్నది మన ఇష్టం. వాతావరణం వల్ల ఆగిందంటే పరిహారం మాత్రం రాదు. అసలు చిక్కు ఎక్కడంటే, నెల్లూరు నుంచి రైలు రద్దయి మీరు చెన్నై చేరలేకపోయినా, అక్కడ ఫ్లైట్ టైముకు ఎగిరిందంటే ఆ నష్టం మీదే. అవి రెండు వేర్వేరు టికెట్లు. అందుకే ఈ సీజన్లో పొద్దున ఫ్లైట్ ఉన్నవాళ్లను ముందురోజే చెన్నై చేరుకోమని పోరుతుంటాను. లాడ్జి ఖర్చు దండగని విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

అపోహ: తీరం దాటేది మన దగ్గర కాదు, మనకేం ఢోకా లేదు.

తుపాను దారి చూపే మ్యాప్‌లో గీతకు అటూ ఇటూ వెడల్పవుతూ పోయే రంగు భాగం, తుపాను కేంద్రం ఏ మేరకు పక్కకు జరగొచ్చో చెప్పే అంచనా మాత్రమే. వాన దాని బయటా పడుతుంది. 2021 నవంబరులో వచ్చింది తుపాను కూడా కాదు, వట్టి వాయుగుండం. దానికి పేరు లేదు, దాటింది కూడా చెన్నై దగ్గర. అది దాటిపోయాక, పైన కడప వైపు కురిసిన వానలకు పెన్నా పొంగి నెల్లూరు పక్కనే ఉన్న పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. హైవే కూడా తెగింది. విజయవాడ నుంచి చెన్నై వెళ్లే రైళ్లు ఎక్కడివక్కడ ఆగాయి. అప్పటి నుంచి నేను తుపాను కన్ను ఎక్కడుందో చూసే ముందు, పెన్నా మీద పైనున్న సోమశిల డ్యామ్ నుంచి ఎంత నీరు వదులుతున్నారో చూస్తున్నా.

మిగతావి గబగబా చెప్పేస్తా. పది రోజుల తర్వాత ఫలానా రోజున తుపాను అంటూ యాప్ స్క్రీన్‌షాట్ పంపకండి, రేపటికి ఆ బొమ్మే మారిపోతుంది. పేరు పెట్టినంత మాత్రాన ఘోరమైనదని కాదు, గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితే పేరొస్తుంది. కృష్ణపట్నం పోర్టులో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబర్లు ఓడల కోసం, మన బస్సు కోసం కాదు.

కావలి వైపు పెద్దవాళ్లు భయపడితే మాత్రం నేను నవ్వను. 1989 నవంబరులో తుపాను అక్కడే తీరం దాటింది, వాళ్లు కళ్లారా చూశారు. మొన్నామధ్య ఓ పెద్దావిడ, "నాయనా, మనవరాలు ఊటీ పోతానంటోంది, నిద్ర పట్టట్లా" అని ఫోన్ చేసింది. ప్రయాణం ఇంకా ఐదు రోజులుంది. ఇవాళ ఏమీ తేల్చుకోవద్దమ్మా, తుపానుగా మారితే వాతావరణ శాఖ మూడు గంటలకోసారి బులెటిన్ ఇస్తుంది, బయలుదేరే ముందురోజు సాయంత్రం అదీ, రైల్వే రద్దు జాబితా రెండూ చూసి నేనే ఫోన్ చేస్తానని చెప్పాను. సరేనని పెట్టేసి, గంటకే మళ్లీ చేసింది: "జాబితా వచ్చిందా నాయనా?"