కోరాపుట్ ఘాట్లలో క్యామ్ మోజు: ఈ ఖర్చు ఎవరికి గిట్టుతుంది?

ఒడిశాలోని జయపురం, సునాబెడ, కోరాపుట్ షెడ్లలో ఈమధ్య తరచూ వినిపించే మాట: ‘‘అన్నా, క్యామ్ వేయిస్తే ఎంతవుతుంది?’’ అడిగేది కేటీఎం 390లు, రాయల్ ఎన్‌ఫీల్డ్ 650లు నడిపే కుర్రాళ్లు. మిగ్, సుఖోయ్ విమానాల ఇంజన్లు చేసే హెచ్‌ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) ఫ్యాక్టరీ ఉన్న ప్రాంతం కదా, ఇంజన్ మీద మోజు ఇక్కడ సహజం. కానీ కంపెనీ క్యామ్ తీసి బయటి రేసు క్యామ్ వేస్తే ఏమొస్తుందో, ఏం పోతుందో చాలామంది అడగడం లేదు. అది తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

క్యామ్ అంటున్నది క్యామ్‌షాఫ్ట్‌నే, ఇంజన్లో ఉబ్బులున్న ఇరుసు. దాని పని గాలిని లోపలికి, పొగను బయటికి వదిలే వాల్వులు తెరవడం. పిస్టన్ తిప్పే ఇరుసు, అంటే క్రాంక్, రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. 10,000 ఆర్‌పీఎంలో, అంటే క్రాంక్ నిమిషానికి 10,000 చుట్లు తిరిగేటప్పుడు, ఒక్కో వాల్వు సెకనుకు 83 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఎంత దిగాలి, ఎంతసేపు తెరిచి ఉండాలి అన్నది క్యామ్ మీద ఉన్న ఉబ్బు ఆకారాన్ని బట్టి ఉంటుంది. ఎక్కువసేపు తెరిచి ఉంచితే పై ఆర్‌పీఎంలో గాలి బాగా నిండుతుంది. కింది ఆర్‌పీఎంలో మాత్రం పిస్టన్ పైకి వస్తూ, లోపలికొచ్చిన గాలిలో కొంత తిరిగి బయటికి తోసేస్తుంది. అందుకే రేసు క్యామ్ వేసిన బండి నిదానంగా వెళ్లేటప్పుడు గునుస్తుంది, ఐడ్లింగ్ నిలకడగా ఉండదు.

క్యామ్ మార్చడం ఒక వ్యాపారంగా ఎదగడం రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి మాట. అమెరికాలో ఎడ్ ఇస్కెండేరియన్ 1946లో క్యామ్‌ల షాపు పెట్టాడు. జపాన్‌లో హిడియో యోషిమురా అమెరికన్ సైనికుల బండ్లు ట్యూన్ చేస్తూ 1954లో తన పని మొదలుపెట్టాడు. ఆయన ట్యూన్ చేసిన సుజుకీ జీఎస్1000 1978లో మొట్టమొదటి సుజుకా 8 గంటల రేసు గెలిచింది, అదీ హోండా ఫ్యాక్టరీ జట్టును దాటి. ఆ రోజుల్లో క్యామ్ మార్పు నిజంగానే డబ్బుకు తగిన పని. 1969 హోండా సీబీ750 ఇంజన్ 736 సీసీ, దాని శక్తి 67 హార్స్‌పవర్. అంటే ఇంజన్ సైజులో ఒక లీటరుకు (1,000 సీసీకి) 91 హార్స్‌పవర్. 1972 నాటి కవాసాకి జడ్1 లెక్క కూడా దాదాపు అంతే. కంపెనీలు ఇంజన్లో బోలెడంత వదిలిపెట్టేవి, ట్యూనర్లు దాన్ని బయటికి తీసేవారు.

మన షెడ్లకు ఆ విద్య అందలేదు, అందే అవసరమూ రాలేదు. 1983లో రాజ్‌దూత్ 350, 1985లో యమహా ఆర్‌ఎక్స్100 వచ్చాయి. రెండూ టూ స్ట్రోక్‌లే. వాటికి క్యామ్‌తో తెరిచే వాల్వుల్లేవు, క్యామ్‌షాఫ్టే లేదు. సిలిండర్ గోడలో ఉండే పోర్టులే, అంటే రంధ్రాలే, చాలావరకు ఆ పని చేసేవి. మేస్త్రి సిలిండర్ విప్పి, ఆకురాయితో పోర్టు అంచులు రుద్ది, హెడ్ కాస్త కోయించి, సైలెన్సర్ మారిస్తే బండి స్వరూపమే మారిపోయేది. ఖర్చు తక్కువ, ఫలితం వెంటనే కనబడేది. చెడిపోతే బోరు చేయించుకుంటే సరిపోయేది. ‘ఒక్క పార్టు మారిస్తే బండి పరుగెడుతుంది’ అనే నమ్మకం మనకు ఆ రోజుల నుంచే వచ్చిందని నా అభిప్రాయం. పొగ నిబంధనలు బిగిశాక టూ స్ట్రోక్‌లు పోయి ఫోర్ స్ట్రోక్‌లు వచ్చాయి. నమ్మకం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఈలోగా ట్యూనర్ చేసే పనిని కంపెనీలే లాగేసుకున్నాయి. 2018లో ఇక్కడికొచ్చిన యమహా ఆర్15 మూడో తరం బండి 155 సీసీదే అయినా 7,400 ఆర్‌పీఎం దగ్గర తనంతట తానే ఇంకో క్యామ్ ఉబ్బుకు మారుతుంది. 2019 బీఎండబ్ల్యూ ఎస్1000ఆర్‌ఆర్ 9,000 దగ్గర మారుతుంది. అది 999 సీసీలోంచి 207 హార్స్‌పవర్ తీస్తుంది. అలాంటి ఇంజన్లో బయటి క్యామ్ వేసి రోడ్డు మీద ఇంకా ఏదో సంపాదిస్తామనుకోవడం వృథా. కేటీఎం 390 కూడా లీటరు లెక్కన దాదాపు 115. అదే రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 తీసుకోండి. 648 సీసీకి 47 హార్స్‌పవర్, అంటే లీటరుకు 72 చిల్లర. అక్కడ మిగులు ఉంది, క్యామ్‌కు అర్థమూ ఉంది.

అర్థం ఉన్నచోట కూడా బిల్లు క్యామ్ ధరతో ఆగదు. పెద్ద బండికి ఒక జత అమెరికాలోనే కొన్ని వందల డాలర్ల నుంచి వెయ్యి దాటుతుంది. దిగుమతి సుంకం, జీఎస్టీ దాని మీద. క్యామ్‌ను బట్టి గట్టి వాల్వు స్ప్రింగులు, వాల్వు సందు సరిచేసే కొత్త షిమ్‌లు (పలచని బిళ్లలు) కావాలి. వాల్వు పిస్టన్‌కు తగులుతుందో లేదో మెత్తటి మోడలింగ్ క్లే ముద్ద పెట్టి చూడాలి, డిగ్రీలు గీసిన చక్రం (డిగ్రీ వీల్) పెట్టి వాల్వులు తెరిచే టైమింగ్ కలపాలి. పాత బండ్లలో కార్బొరేటర్ జెట్టు మారిస్తే సరిపోయేది. ఇప్పుడు ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) లోని పెట్రోలు లెక్కల మ్యాపు తిరగరాయాలి, అది సరిగ్గా జరగాలంటే బండి శక్తిని కొలిచే డైనో యంత్రం ఉన్నచోటికి బండిని తీసుకెళ్లాలి. టైమింగ్ చెయిన్ ఒక్క పంటి మేర తప్పినా వాల్వులు వంగే ప్రమాదం ఉంది. ఇవేవీ చెప్పకుండా ‘‘క్యామ్ ఒక్కటి తెచ్చుకో తమ్ముడూ, బిగించేద్దాం’’ అనే మాట విన్నప్పుడల్లా నాకు టెన్షన్ పట్టుకుంటుంది.

ఇక మన కొండలు. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. సముద్ర మట్టంతో పోలిస్తే ఇక్కడ గాలి సుమారు 8 శాతం పలచన. టర్బో లేని ఏ ఇంజనైనా ఆ మేరకు శక్తి కోల్పోతుంది. ఈసీయూ పెట్రోలు తగ్గించగలదు కానీ గాలిని పుట్టించలేదు. సాలూరు నుంచి సుంకి, పొట్టంగి మీదుగా ఎక్కే ఘాట్‌లో, కోరాపుట్ నుంచి జయపురం దిగే మలుపుల్లో, లోడు లారీ వెనక రెండు, మూడు గేర్లలో నడిపేవాడికి కావలసింది 3,000 నుంచి 6,000 మధ్య లాగుడు. ఎక్కువసేపు వాల్వు తెరిచే క్యామ్ సరిగ్గా అక్కడే దెబ్బ కొడుతుంది. ఈ రోడ్లకు వెనక స్ప్రాకెట్ రెండు పళ్లు పెంచడం, ట్యాపెట్లు సరిచేయించడం, మంచి టైర్లు, బ్రేక్ ప్యాడ్లు వేయడం వల్ల వచ్చే లాభం క్యామ్ ఇవ్వలేదు. ఖర్చు అందులో చిన్న వాటా.

చట్టం సంగతీ ఉంది. కంపెనీ మొదట చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటోంది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు.

రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 ఉండి, సైలెన్సర్, మ్యాపు పని ముందే అయిపోయి, ట్రాక్ మీద నడిపే ఉద్దేశం ఉన్నవాళ్లు మాత్రం వేయించుకోవచ్చు. అలాంటప్పుడు పీక్ హార్స్‌పవర్ చూసి మురిసిపోకండి. మీలాంటి బండికే ఆ క్యామ్ వేయకముందు, వేశాక తీసిన డైనో గ్రాఫులు రెండూ అడగండి. 4,000 ఆర్‌పీఎం దగ్గర టార్క్ (లాగుడు) గీత ఎటు పోయిందో చూశాకే డబ్బు మాట ఎత్తండి.