పల్లెను పట్నం చేసేటప్పుడు ఎవర్ని అడిగారు? భీమిలి నుంచి చీరాల మీదుగా నాగారం దాకా

ఊరు మున్సిపాలిటీ అవుతోందన్న కబురు రాగానే రచ్చబండ దగ్గర మొదట వినపడే ప్రశ్నలు రెండు. ఇంటిపన్ను ఎంత పెరుగుతుంది? ఉపాధి హామీ పని ఉంటుందా, పోతుందా? రెండో దానికి జవాబు అందరికీ తెలిసిందే: ఆ పని గ్రామాలకే, పట్టణాలకు లేదు. మొదటిదానికి కచ్చితమైన జవాబు మాత్రం ఆ సమయంలో ఎవరూ చెప్పరు. కాసేపటికి ఎవరో ఒక పెద్దాయన మూడో ప్రశ్న వేస్తాడు: అసలు మనల్ని ఎవరైనా అడిగారా?

ఈ మూడో ప్రశ్న వెనక 160 ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. మొదట్లో ఊరు అడిగితేనే మున్సిపాలిటీ వచ్చేది. తర్వాత అడగకపోయినా ఇచ్చారు. వద్దని ఊరు ఊరంతా లేచి వెళ్లిపోయిన సందర్భమూ మన తెలుగు నేలమీదే ఉంది.

1850లో కంపెనీ ప్రభుత్వం 26వ నంబరు చట్టం ఒకటి తెచ్చింది. పట్టణంలో వీధులు బాగుచేసుకోవడానికి, దీపాలు పెట్టుకోవడానికి, చెత్త ఎత్తించుకోవడానికి అక్కడి జనమే కమిటీగా ఏర్పడి, తమమీద తామే పన్ను వేసుకోవచ్చన్నది దాని సారం. ముఖ్యమైన షరతు ఏమిటంటే, ఊరివాళ్లు దరఖాస్తు పెట్టుకుంటేనే చట్టం ఆ ఊరికి వర్తిస్తుంది. పన్ను వేయండి బాబూ అని ఎవరు అర్జీ పెడతారు? అందుకే చాలా చోట్ల అది పుస్తకంలోనే ఉండిపోయింది. డచ్చివాళ్ల కాలం నుంచీ ఓడల వ్యాపారం నడిచిన భీమునిపట్నం మాత్రం ముందుకొచ్చింది. 1861లో అక్కడ సంఘం ఏర్పడింది. తెలుగువాళ్ల ఊళ్లలో మొదటి పురపాలక సంఘం అదేనని చెప్పుకుంటాం. ఆ భీమిలి ఇప్పుడు మహా విశాఖ నగరపాలక సంస్థలో ఒక ముక్క.

జనం ముందుకు రావడం లేదని ప్రభుత్వం దారి మార్చింది. 1865లో మద్రాసు పట్టణాభివృద్ధి చట్టం వచ్చింది. ఇక ఊరి దరఖాస్తుతో పనిలేదు. ఏ ఊరిని మున్సిపాలిటీ చేయాలో ప్రభుత్వమే తేలుస్తుంది, కమిటీ సభ్యులను తానే నియమిస్తుంది, కలెక్టరే పైన కూర్చుంటాడు. గుంటూరు, రాజమహేంద్రవరం, మచిలీపట్నం 1866లో అలా మున్సిపాలిటీలయ్యాయి. ఆ చట్టం వెనక ఉన్న అసలు అవసరం గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. 1857 తిరుగుబాటు తర్వాత ఖజానా ఖాళీ అయింది. పట్టణ పోలీసుల ఖర్చులో పెద్ద భాగాన్ని ఆ పట్టణం పన్నుల్లోంచే లాగాలని చూశారు. కాలవల కోసమని కట్టిన పన్ను పోలీసుల జీతాలకు పోయేది. ఆ భారం 1871 చట్టంతోగానీ తొలగలేదు. మున్సిపాలిటీ అంటే పన్నుల సంఘం అన్న పేరు మన ఊళ్లలో ఊరికే రాలేదు.

1882 మే 18న వైస్రాయి రిప్పన్ విడుదల చేసిన తీర్మానం గాలి కొంత మార్చింది. పరిపాలన చక్కగా సాగడం కన్నా జనానికి రాజకీయ శిక్షణ దొరకడం ముఖ్యమని ఆయన వాదించాడు. దాన్ని అనుసరించి మద్రాసులో 1884లో రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి జిల్లా మున్సిపాలిటీలది, ఇంకొకటి స్థానిక బోర్డులది. చిన్న పట్టణాల కథకు ఈ రెండోదే కీలకం. పల్లె అనడానికి పెద్దది, పట్నం అనడానికి చిన్నది అయిన ఊరిని, లేదా పక్కపక్కనే ఉన్న రెండు మూడు ఊళ్లను కలిపి 'యూనియన్' అన్నారు. చిన్నపాటి ఇంటిపన్ను, దాంతో వీధి ఊడ్పు, బావుల మరమ్మతు, నాలుగు లాంతర్లు. ఇవాళ్టి నగర పంచాయతీకి ముత్తాత ఎవరంటే నేను ఈ యూనియన్‌నే చూపిస్తాను.

చీరాల, పేరాల అలాంటి యూనియన్‌లోని ఊళ్లే. అప్పట్లో గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. రెండూ కలిపితే జనాభా సుమారు 15,000. నేతపనివాళ్లు, చిన్న రైతులు, తోలుపని చేసేవాళ్లు, కూలీలు. యూనియన్‌కు ఏడాదికి పన్నుగా వచ్చేది 4,000 రూపాయల దరిదాపు. 1919లో ప్రభుత్వం ఈ ఊళ్లను కలిపి మున్సిపాలిటీ చేసింది. పారిశుద్ధ్యం మెరుగుపడాలి, యూనియన్ ఆదాయం దానికి చాలదు అన్నది వాదన. కొత్త లెక్క ప్రకారం పన్నుల భారం 40,000 రూపాయలకు ఎక్కింది. తలసరిన చూస్తే నాలుగణాల (పావు రూపాయి) పైచిలుకు ఉన్నది రెండున్నర రూపాయలు దాటింది. మగ్గం మీద బతికే ఇంటికి అది మామూలు పెంపు కాదు.

జనం ముందు అర్జీలు పెట్టుకున్నారు. ఆ తర్వాత పన్ను కట్టడం మానేశారు. కౌన్సిలర్లు రాజీనామా చేశారు. కట్టనివాళ్లమీద కేసులు పడ్డాయి, జైలుకు పంపారు. జైలుకెళ్లినవాళ్లలో ఒక స్త్రీ కూడా ఉంది. ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. 1919 సంస్కరణల ఫలితంగా స్థానిక స్వపరిపాలన శాఖ అప్పటికే భారతీయ మంత్రుల చేతికి వచ్చింది. 1920 డిసెంబరు నుంచి మద్రాసులో ఆ శాఖ చూసింది జస్టిస్ పార్టీకి చెందిన పానగల్లు రాజా రామరాయణింగారు. కాబట్టి చీరాల జనం అర్జీ పట్టుకుని నిలబడింది తెల్లదొర గుమ్మం ముందు మాత్రమే కాదు. ఎన్నికై వచ్చిన మనవాళ్ల ప్రభుత్వం కూడా ఆ మాట వినలేదు. చీరాల కథను స్వాతంత్ర్య పోరాటంలో ఒక ఘట్టంగా చెప్పి వదిలేస్తే ఈ సగం మరుగున పడిపోతుంది.

నాయకత్వం దుగ్గిరాల గోపాలకృష్ణయ్యది. కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో 1889లో పుట్టారు. ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చి, ఉద్యోగం వదిలి ఉద్యమంలో దిగారు. 'ఆంధ్రరత్న' అని జనం పిలుచుకున్న మనిషి. రామదండు పేరుతో ఆయన వలంటీర్లను తయారుచేశారు. భజనలు, కాషాయ బట్టలు, రామాయణం మాటలు, క్రమశిక్షణ. నేతపేటల్లో, కూలి గుడిసెల్లో ఉన్నవాళ్లకు మున్సిపల్ చట్టం సెక్షన్లు చెబితే ఏం తలకెక్కుతుంది? రాముడు అడవికి వెళ్లిన కథ చెబితే ఎక్కుతుంది. అది ఆయనకు బాగా తెలుసు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. ఆ తర్వాత గాంధీ చీరాల వచ్చారు. రెండు దారులు చూపించారు. పన్ను కట్టకుండా, చేయి ఎత్తకుండా, జరిగేదంతా భరించడం ఒకటి. మున్సిపాలిటీ హద్దు దాటి వెళ్లిపోవడం రెండోది. హద్దు లోపల ఉంటేనే కదా మున్సిపల్ పన్ను. అయితే కాంగ్రెస్ సంస్థగా ఈ భారం మొయ్యలేదని, నిర్ణయం ఊరివాళ్లదేనని కూడా చెప్పారు.

ఊరు రెండో దారి ఎంచుకుంది. ఆ ఏప్రిల్‌లోనే జనం ఇళ్లు ఖాళీ చేయడం మొదలుపెట్టారు. 15,000 మందిలో 13,000 మంది దాకా కదిలారు. ఊరి వెలుపల పాకలు వేసుకుని దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ఇది చదివినప్పుడల్లా నా మనసు గుంట మగ్గాల దగ్గరే ఆగిపోతుంది. నేతగాడి మగ్గం భుజాన వేసుకుని పోయే వస్తువు కాదు. ఇంట్లో నేల తవ్వి బిగించింది. దాన్ని వదిలి వెళ్లడమంటే తిండి గింజల్ని వదిలి వెళ్లడమే. అది కూడా కోస్తా ఎండలు ముదిరే రోజుల్లో, తాటాకు పాకల్లోకి. తర్వాత వానాకాలం, ఆపైన చలికాలం. మొత్తం 11 నెలలు.

రామనగర్‌లో వాళ్లు ఊరికే కూర్చోలేదు. కులాలవారీగా ప్రతినిధులను ఎన్నుకుని సభ ఏర్పాటు చేసుకున్నారు. తగాదాలు తీర్చడానికి పంచాయతీ కోర్టు, రాత్రి బడి, కాపలాకు రామదండు. ప్రభుత్వం ఇచ్చిన మున్సిపాలిటీని వద్దన్న జనం హద్దు అవతల తమ సొంత స్థానిక ప్రభుత్వాన్ని కట్టుకున్నారు. ఊరి పాలన వాళ్లకు చేతకాకపోవడం అన్న మాటే లేదు. ఎవరు నిర్ణయించాలి, ఎంత పన్ను వేయాలి అన్నదే వాళ్ల పేచీ.

డబ్బు అయిపోయింది. నిధుల సేకరణకు వెళ్లిన గోపాలకృష్ణయ్యను బరంపురంలో అరెస్టు చేసి ఏడాది శిక్ష వేశారు. నాయకుడు తిరుచిరాపల్లి జైల్లో, జనం పాకల్లో. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా హింస తర్వాత సహాయ నిరాకరణ ఉద్యమమే ఆగిపోయింది. చీరాల జనం ఇళ్లకు తిరిగొచ్చి పన్ను కట్టారు. ఓడిపోయారనే అనాలి, ఆ మాట చెప్పడానికి కష్టంగా ఉన్నా. గోపాలకృష్ణయ్య 1928లో, 40 ఏళ్లు నిండకుండానే కన్నుమూశారు. ఇప్పుడున్న చీరాల పురపాలక సంఘం 1948 నుంచి లెక్క.

స్వతంత్రం తర్వాత చట్టాలు మారాయి. 1965లో ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం వచ్చి, ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లో వేర్వేరుగా ఉన్న పద్ధతులను ఒకటి చేసింది. 1992లో 74వ రాజ్యాంగ సవరణ జరిగి, 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఐదేళ్లకోసారి ఎన్నికలు, మహిళలకు మూడోవంతు సీట్లు, రాష్ట్ర ఎన్నికల సంఘం పర్యవేక్షణ, ఇవన్నీ దాని చలవే. ఊరిని పట్టణంగా మార్చేది 243క్యూ అధికరణం. జనాభా, జనసాంద్రత, స్థానిక ఆదాయం, వ్యవసాయేతర పనుల్లో ఉన్నవాళ్ల శాతం, ఆర్థిక ప్రాధాన్యం చూసి గవర్నరు నోటిఫై చేస్తారు. ఆ జాబితా ఎన్నిసార్లు చదివినా ఊరివాళ్ల ఇష్టం అన్న ముక్క కనపడదు. 1850 చట్టంలో ఉన్నది 1992 సవరణలో లేదు.

అదే సవరణలో 243జెడ్‌సీ అని ఇంకొకటి ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాలకు, అంటే ఆదివాసీల రక్షణ కోసం గుర్తించిన ప్రాంతాలకు, మున్సిపాలిటీల గురించిన ఈ భాగం వర్తించదు, పార్లమెంటు వేరే చట్టం చేస్తే తప్ప. ఆ ప్రాంతాల గ్రామ పంచాయతీలకు 1996లో పెసా అనే చట్టం వచ్చింది. పట్టణాల కోసం 2001లో రాజ్యసభలో బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. ఫలితం షెడ్యూల్డ్ ప్రాంతంలోని పాల్వంచ, మందమర్రి, మణుగూరు జనం చూశారు. 2020 జనవరిలో తెలంగాణలో చాలా పట్టణాలు ఓటేస్తుంటే ఆ ఊళ్లలో ఎన్నిక లేదు. అప్పుడు పేరుకు మున్సిపాలిటీ, నడిపింది అధికారి. 2011 లెక్కల్లోనే 50,000 జనాభా ఉన్న భద్రాచలం గ్రామ పంచాయతీగానే ఉండిపోయింది. ఆదివాసీల భూమి హక్కుకు రక్షణ ఉండాలి, పట్టణ జనానికి ఓటూ ఉండాలి. రెండూ కుదిరే చట్టం రాయడానికి ఇన్నేళ్లు చాలలేదంటే నాకు బాధగా ఉంటుంది.

ఊరు మారేటప్పుడు ఆచరణలో జరిగేది ఇది. నోటిఫికేషన్ రాగానే సర్పంచి, వార్డు సభ్యుల పదవులు పోతాయి. పంచాయతీ రికార్డులు, ఆస్తులు, అప్పులు, సిబ్బంది మున్సిపాలిటీకి బదిలీ అవుతాయి. ప్రత్యేకాధికారి వస్తారు. ఆ తర్వాత వార్డుల హద్దులు, రిజర్వేషన్లు, ఓటర్ల జాబితా, ఎన్నిక, చివరికి చైర్‌పర్సన్. చెప్పడానికి నాలుగు మాటలు, జరగడానికి ఏళ్లు. ఈ మధ్యకాలంలోనే ఇళ్లు కొలుస్తారు, పన్ను మదింపు చేస్తారు, ప్లాన్ అప్రూవల్ నిబంధనలు మారతాయి. అంటే జనానికి ఎక్కువ తగిలే నిర్ణయాలన్నీ, అడగడానికి ఒక కౌన్సిలర్ కూడా లేని రోజుల్లోనే జరిగిపోతాయి. నా దృష్టిలో అసలు లోపం ఇదే. మున్సిపాలిటీ వల్ల మంచినీటి పథకం, డ్రైనేజీ, పట్టణ నిధులు వస్తాయని నేనూ నమ్ముతాను. కానీ తుది నోటిఫికేషన్‌కు ముందే ఇంటింటికీ రాబోయే పన్ను ఎంతో గోడమీద అంటించి, గ్రామసభలో ఓటింగ్ పెట్టి, ఆ ఓటుకు కట్టుబడాలి.

ఊరిని అడిగినప్పుడు ఏమవుతుందో అమరావతిలో చూశాం. 2022 జనవరిలో 19 గ్రామాలతో కార్పొరేషన్ అన్నారు, సెప్టెంబరులో 22 గ్రామాలతో మున్సిపాలిటీ అన్నారు. రెండుసార్లూ గ్రామసభలు వద్దన్నాయి. అక్కడి రైతులు నగరం వద్దనలేదు. రాజధాని కోసం భూములిచ్చిన 29 గ్రామాలను ముక్కలు చేయొద్దన్నారు. అడిగారు కాబట్టే ఆ తేడా బయటికి వచ్చింది.

తెలంగాణలో 2018లో నడిచింది ఇంకో దారి. పంచాయతీల గడువు తీరిన ఆగస్టులో, చట్ట సవరణ ద్వారా 173 గ్రామాలను కలిపి 68 కొత్త మున్సిపాలిటీలు ఏర్పాటు చేశారు. హైదరాబాద్ పక్కనున్న నాగారం, దమ్మాయిగూడ, తుక్కుగూడ అందులోవే. ఏడాదిన్నర ప్రత్యేకాధికారుల పాలన తర్వాత 2020 జనవరి 22న మొదటి ఎన్నిక. 2025 జనవరిలో ఆ పాలకవర్గాల గడువు ముగిసింది. మళ్లీ ప్రత్యేకాధికారులు. ఆ ఏడాది డిసెంబరులో శివారులోని 27 పట్టణ సంస్థలను మహా హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ)లో కలిపేశారు. నాగారంలో 2018 మొదట్లో సర్పంచి దగ్గరికి వెళ్లి వీధి దీపం అడిగిన మనిషి ఎనిమిదేళ్లు తిరక్కుండానే మహానగరంలో ఒక డివిజన్ ఓటరు. మధ్యలో ఉన్న మున్సిపాలిటీకి అతను ఓటేసింది ఒక్కసారే.