రువాండా గుర్తింపు కార్డు వెనక కథ

1994 ఏప్రిల్‌లో రువాండా రోడ్లకు అడ్డంగా కాపలా కాసిన హుటూ హంతక ముఠాలు వచ్చేపోయేవాళ్లను మొదట అడిగింది గుర్తింపు కార్డే. అందులో టుట్సీ అని ఉంటే చావే. వంద రోజుల్లో దాదాపు 8 లక్షల మంది చనిపోయారని అంచనా. దీన్ని ‘ఆఫ్రికా తెగల కొట్లాట’ అని తేల్చేయడం అన్యాయం. కార్డు మీదికి జాతి ఎలా ఎక్కిందో ముందు చూడాలి.

రువాండాలోని మూడు వర్గాలకు హుటూ, టుట్సీ, ట్వా అనే పేర్లు తెల్లవాళ్లు రాకముందే ఉన్నాయి. అందరిదీ కిన్యారువాండా భాషే. ఒకే కొండ మీద పక్కపక్క ఇళ్లు. ఒకే వంశంలో హుటూలూ టుట్సీలూ కూడా ఉండేవారు. అలాగని అందరూ సమానమని కాదు. పశుసంపద, రాజు కొలువు ఎక్కువగా టుట్సీలవే. 19వ శతాబ్దం చివర్లో రాజు ర్వాబుగిరి పాలనలో హుటూల మీద వెట్టిచాకిరీ బాగా పెరిగింది. కానీ మందలు కూడబెట్టిన హుటూ కుటుంబం కొన్నాళ్లకు టుట్సీగా చలామణి అయ్యే వీలుండేది.

ఆ దారి మూసింది బెల్జియం. 1916లో జర్మన్ల నుంచి రువాండాను గెలుచుకున్నాక, టుట్సీలు ఆఫ్రికా ఉత్తరాది నుంచి వచ్చిన మేలుజాతి అని యూరోపియన్లు అల్లిన సిద్ధాంతాన్ని పాలనలో పెట్టింది. హుటూ నాయకులను పదవుల్లోంచి తీసేసింది. మాట వినని రాజు ముసింగాను 1931లో దించి, కొడుకును గద్దెనెక్కించింది. 1933-34 జనగణనతో జాతి రాసిన కార్డులొచ్చాయి. తండ్రిది ఏదైతే పిల్లలదీ అదే. రోడ్ల పనికి మనుషుల్ని తోలే ఆజ్ఞ బెల్జియంది, కొరడా టుట్సీ నాయకుడి చేతిది. జనం కోపం కళ్లెదుట కనిపించేవాడి మీదికే మళ్లింది.

1950ల్లో టుట్సీ నాయకులు స్వాతంత్ర్యం అడగగానే బెల్జియం హుటూల వైపు తిరిగింది. 1959లో హుటూ, టుట్సీల మధ్య హింస చెలరేగాక బెల్జియం అధికారి కర్నల్ గై లోజీస్ట్ టుట్సీ నాయకుల్ని తప్పించి హుటూలను కూర్చోబెట్టాడు. ఊళ్లొదిలి ఉగాండా, బురుండీలకు పారిపోయిన టుట్సీల పిల్లలు 1990లో ఆయుధాలు పట్టుకుని తిరిగొచ్చారు.

స్వదేశీ పాలకుల తప్పు కూడా చిన్నది కాదు. కార్డుల్లోంచి జాతి తీసేయొద్దని 1957లో హుటూ మేధావులే కోరారు. తీసేస్తే తమకు జరిగిన అన్యాయం లెక్కకు రాకుండా పోతుందని వాళ్ల భయం. అందులో న్యాయం ఉంది. కానీ 1962లో అధికారం చేతికొచ్చాక అదే కార్డుతో చదువుల్లో, ఉద్యోగాల్లో టుట్సీలను అణచడానికి ఏ సమర్థనా లేదు. కార్డుల్లోంచి జాతి తొలగిస్తామని టుట్సీ తిరుగుబాటుదారులతో చేసుకున్న 1993 అరుషా ఒప్పందంలో రాసుకున్నా అమలు చేయలేదు.

మారణకాండ తర్వాత వచ్చిన ప్రభుత్వమే దాన్ని కార్డుల నుంచి తొలగించింది. మంచి పనే చేసింది. అయితే ఇప్పుడు జాతి ఊసెత్తితే విభజనవాదం కింద కేసు పడే చట్టాలున్నాయి. దాంతో తమ కుటుంబానికి ఏం జరిగిందో చెప్పుకోవడానికి కూడా చాలామంది జంకుతున్నారు.