కట్టు తప్పిన ఇనుము

కళింగపట్నం వైపు సముద్రానికి దగ్గరగా ఇల్లు కట్టుకున్నవారికి కిటికీ చువ్వల తుప్పు గురించి ఒకరు చెప్పనక్కరలేదు. ఒంట్లోనూ ఇనుముకు ఆక్సిజన్‌తో అలాంటి చుట్టరికమే ఉంది. కాకపోతే అక్కడ దెబ్బ తగిలేది క్రోమోజోముకు, అంటే కణం కేంద్రకంలో చుట్టుకుని ఉండే డీఎన్ఏ పోగుకు.

కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాల్లో కొన్ని ఎలక్ట్రాన్లు దారి తప్పి ఆక్సిజన్‌కు అంటుకుంటాయి. ముందు సూపరాక్సైడ్, దాని నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడతాయి. ఈ రెండింటికీ డీఎన్ఏను నేరుగా తెంచేంత పదును లేదు. అయితే పెరాక్సైడ్ పొరలు దాటుకుంటూ కేంద్రకం దాకా వెళ్లగలదు. అక్కడ విడిగా ఉన్న ఇనుము తగిలితే, అది ఒక ఎలక్ట్రాన్ ఇచ్చి పెరాక్సైడ్‌ను చీలుస్తుంది. అలా పుట్టేదే హైడ్రాక్సిల్ రాడికల్, జత లేని ఎలక్ట్రాన్‌తో దేన్నైనా అంటుకునే ముక్క. ఇనుము, పెరాక్సైడ్ కలిసి చేసే ఈ పనిని 1894లో హెన్రీ ఫెంటన్ వివరించాడు. ఆయన ప్రయోగించింది టార్టారిక్ ఆమ్లం మీద. మన పులుసుకు పులుపునిచ్చే చింతపండులోనూ ఉన్నది అదే.

హైడ్రాక్సిల్ రాడికల్ ఆయుష్షు నానోసెకన్లలోనే ముగుస్తుంది. కొన్ని నానోమీటర్లు కదిలేలోపే ఎదురైన అణువు మీద పడుతుంది. అంటే కణంలో మరెక్కడో పుట్టిన రాడికల్ డీఎన్ఏ దాకా రానే రాదు. హాని చేసేది డీఎన్ఏను అంటిపెట్టుకుని ఉన్న ఇనుమే. ఇనుము ఎంత ఉందని అందరూ అడుగుతారు. ఎక్కడ ఉందని అడగడం ఇంకా ముఖ్యమని నాకనిపిస్తుంది.

డీఎన్ఏకు అక్షరాల్లాంటి నాలుగు క్షారాల్లో గ్వానిన్ త్వరగా చెడుతుంది. చెడిన గ్వానిన్ సైటోసిన్‌కు బదులు ఎడినిన్‌తో జతకట్టవచ్చు. మరమ్మతు జరగకపోతే నకలులో అక్షరం మారిపోతుంది. క్రోమోజోముల కొసల్లో గ్వానిన్ వరుసలు ఎక్కువ కాబట్టి అక్కడ ముప్పూ ఎక్కువే. రాడికల్ డీఎన్ఏ పోగులోని చక్కెర భాగాన్ని తాకితే పోగు తెగవచ్చు. రెండు పోగులూ దగ్గర దగ్గరగా తెగితే క్రోమోజోమే విరుగుతుంది.

అలాగని చోడి అంబలి, ఐరన్ మాత్రలు మానేస్తే పొరపాటే. రక్తహీనత తక్కువ ముప్పేమీ కాదు. డీఎన్ఏ ముడిసరుకు తయారుచేసే ఎంజైముకూ ఇనుము కావాలి. పెరాక్సైడ్‌ను విరిచే కేటలేజ్ అనే ఎంజైము నడుమ ఉన్నదీ ఇనుమే! అందుకే శరీరం ఇనుమును విడిగా వదలకుండా రక్తంలో ట్రాన్స్‌ఫెరిన్, కణంలో ఫెర్రిటిన్ అనే ప్రోటీన్లకు అప్పగిస్తుంది. ఒక్క ఫెర్రిటిన్ గుల్లలో దాదాపు 4,500 ఇనుప పరమాణువులు పడతాయి.

ఈ కాపలా తట్టుకోలేనిది పదే పదే రక్తం ఎక్కించుకోవలసి వచ్చినప్పుడు. హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని పుట్టుజబ్బు తలసీమియా తీవ్రంగా ఉన్న రోగుల సంగతి అదే. ఉత్తరాంధ్ర కొండ గూడేల్లో కనిపించే, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే సికిల్ సెల్ జబ్బులోనూ కొందరికి ఆ అవసరం పడుతుంది. ఒక్కో సంచి రక్తంతో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము చేరుతుంది. శరీరం రోజుకు పోగొట్టుకునేది 1, 2 మిల్లీగ్రాములే. అందుకే వైద్యులు వారి ఫెర్రిటిన్‌ను పరీక్షిస్తూ, అవసరమైతే ఇనుమును పట్టి బయటకు పంపే మందులు ఇస్తారు.